మేళాకు కట్టె గిన్నెలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మే ఎండలో పెడితే కట్టె నెలకే ఆరిపోతుంది.
ఆరేది పైపొరే. నల్లగొండ ఎండకు మొద్దు కొసలు ముందే నీరు వదిలి ముడుచుకుంటాయి, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ గుంజులాటలోనే నెర్రె పడుతుంది. మొద్దు తెచ్చిన రోజే నడిబెండు (మొద్దు నడుమ ఉండే మెత్తటి భాగం) మీదుగా నిలువునా చీల్చి, బెండు ఉన్న భాగం తీసేయాలి. వెంటనే లేత్‌కు (కట్టెను తిప్పుతూ చెక్కే యంత్రానికి) ఎక్కించలేకపోతే కొసలకు కరిగించిన మైనం పూయాలి.

తర్వాత గిన్నెను లేత్ మీద ముతకగా తిప్పి, గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచాలి. 10 అంగుళాల గిన్నెకు అంగుళం. దాన్ని దాని పొట్టుతో సహా కాగితపు సంచిలో పెట్టి, గాలి కొట్టని నీడలో ఉంచాలి. సంచి తడిస్తే మార్చాలి, లేదంటే బూజు పడుతుంది. వారం వారం కాటా వేసి బరువు, తేదీ గిన్నె అడుగునే రాసుకోవాలి. మూడు వారాలు బరువు కదలకపోతే ఆరినట్టు. అప్పటికి గిన్నె కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. కట్టెలోని ఎదుగుదల వలయాల వెంట కుదింపు, వాటికి అడ్డంగా ఉండే కుదింపు కంటే దాదాపు రెట్టింపు మరి. అంగుళం మందం ఉంచేది ఆ వంకర తీసి మళ్లీ గుండ్రం చేయడానికే. సంక్రాంతి మేళాకు సరుకు కావాలంటే ముతక పని వినాయక చవితికే ముగియాలి.

అపోహ: సర్కారు తుమ్మ బొగ్గుకు తప్ప పనికిరాదు.
మన చెల్కల్లో ఊరికే దొరికే ఈ కట్టె కుదింపు తక్కువ, రెండు దిక్కులా దాదాపు సమానం. టేకు వెంట పడేవాళ్లు దీన్ని ఒకసారి తిప్పి చూడాలి. చేవ గట్టిది, మెరుపు బాగా పడుతుంది. ఇబ్బందల్లా లావు మొద్దు దొరకకపోవడం, ఉలి తొందరగా మొద్దుబారడం. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను మాత్రం గిన్నెలో మిగల్చొద్దు, పురుగు పట్టి పిండి రాలుతుంది.

అపోహ: లేత్ వేగం పెంచితే నునుపు వస్తుంది.
అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణిస్తే 6000-9000 మధ్య ఉండాలి. 10 అంగుళాలకు 600-900. ముతక మొద్దుకు ఇంకా తక్కువ.

అపోహ: ఉలి జాడలు సాండ్ పేపర్‌తో పోతాయి.
120 నంబరుతో పోని చిరుగు (నారలు లేచిన చోటు) ఉలి పదును పెట్టి తీయాల్సిందే. 120, 180, 240, 320 వరుస తప్పితే నూనె పూశాక గీతలు బయటపడతాయి, అదీ స్టాల్ లైట్ల కింద.

అపోహ: ఏ నూనైనా ఒకటే.
పల్లీ నూనె ఆరదు, జిడ్డు పట్టి వాసనొస్తుంది. అవిసె నూనె ఆరుతుంది. కానీ తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో ముంచి, విప్పి ఆరేయాలి. స్పిరిట్‌లో కరిగించిన లక్క పాలిష్ అలంకరణ గిన్నెలకే. వేడి కూర పోస్తే తెల్లమచ్చ పడుతుంది.