ఎర్రగుంట్ల: నాపరాయి కట్టిన ఊరు, సిమెంటు పెంచిన పట్టణం

కడప నుంచి ముద్దనూరు పోయే రోడ్డూ, ప్రొద్దుటూరు నుంచి వేంపల్లె పోయే రోడ్డూ ఎర్రగుంట్ల నాలుగు రోడ్ల దగ్గర కలుస్తాయి. సిమెంటు ట్యాంకర్లు, థర్మల్ బూడిద లారీలు, టిప్పర్లు, ప్రొద్దుటూరు ఆటోలు, బడి బస్సులు అన్నీ ఆ కూడలిలోనే తిరగాలి. ప్రొద్దుటూరు పదిహేను కిలోమీటర్ల లోపే. అక్కడ వ్యాపారం, ఇక్కడ కాపురం పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల నాటికే ఊరి జనం 30 వేలు దాటారు, తర్వాత పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. ఊరు పెరిగిందన్న సంతోషం వెంబడే మూడు బాధలు కూడా వచ్చాయి: రోడ్డు మీద లారీలు, ఇంట్లో దుమ్ము, ఊరి అంచుల్లో నాపరాయి తవ్వి వదిలేసిన, కంచె లేని పాత బండల గుంతలు. మొదటి రెండింటి గురించి అందరూ మాట్లాడతారు. మూడోది పిల్లవాడెవడైనా మునిగితే తప్ప మాటల్లోకి రాదు. ఊరి చరిత్ర మాత్రం ఆ గుంతల దగ్గరే మొదలైంది.

ఈ నేల కింద ఉన్నది సున్నపురాయి. నేల మీద జంతువులింకా పుట్టని కాలంలో సముద్రపు అడుగున పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ల మీద విలియం కింగ్ రాసిన నివేదికను భారత భూగర్భ సర్వే సంస్థ 1872లో అచ్చువేసింది. ఈ రాళ్ల వరసలకు అప్పటి నుంచీ ఊళ్ల పేర్లే స్థిరపడ్డాయి: బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. వీటిలో నార్జి సున్నపురాయే మన నాపరాయి. ఎర్రగుంట్ల, మైలవరం, జమ్మలమడుగు నుంచి కొలిమిగుండ్ల, తాడిపత్రి దాకా, అటు బేతంచెర్ల దాకా ఈ పలకల రాయి పైపైనే దొరుకుతుంది. పైమట్టి నాలుగడుగులు తీస్తే చాలు బండ కనపడే చోట్లు ఎన్నో. లోతుకు పోనక్కర్లేదు, పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. అందుకే దీన్ని మొదట తవ్వింది కంపెనీలు కాదు, గడ్డపార పట్టుకున్న కుటుంబాలు.

బండ తీయడం చూసినవాళ్లకే దాని నేర్పు తెలుస్తుంది. రాయి పరుపులు పరుపులుగా ఉంటుంది. పొరకూ పొరకూ మధ్య కాగితమంత సందు. పని తెలిసిన మనిషి గడ్డపార కొనతో బండను తట్టి చప్పుడు వింటాడు. గణగణమంటే గట్టిది, డొల్లగా పలికితే లోపల పగులుంది. గట్టిదని తేలాక ఆ సందులోకి కొన దూర్చి నలుగురు ఒక్క ఊపున ఒత్తుతారు. ఊపు తప్పితే మంచం వెడల్పు బండ రెండు ముక్కలై ఆ రోజు కూలి పోతుంది. సరిగ్గా లేస్తే కొలతకు గీత గీసి, గీత వెంట ఉలితో వరసగా దెబ్బలు వేసి, అంచులు సరి చేస్తారు. ఇంతా చేసి చదరపు అడుగు లెక్కన అమ్మేది. తర్వాత గని నేల మీదే నడిచే కోత మిషన్లు వచ్చాయి గానీ, బండను లేపడానికి మాత్రం చాలాకాలం గడ్డపారే గతి. తీసిన రాయిలో అమ్ముడుపోయేది కొంతే. మిగిలిన తుక్కు గుంత పక్కనే గుట్టగా పడేది. తుక్కు మోసిన ఆడవాళ్ల కష్టం ఏ లెక్కలోనూ సరిగ్గా ఎక్కలేదు.

వాన పడని ఏడు సీమలో సేద్యం ఎంత ఆదుకుంటుందో చెప్పనక్కర్లేదు. కరువు వచ్చినప్పుడల్లా సేద్యం వదిలినవాళ్లు గని కూలికి చేరేవారు. వడ్డెర కుటుంబాలకు రాతిపని తరాల విద్య, మిగతా కులాలవాళ్లు అవసరం కొద్దీ నేర్చుకున్నారు. గుంత పక్కనే గుడిసె, గుడిసె పోయి బండల ఇల్లు. నిలువుగా నాటిన పలకలే గోడ, అడ్డంగా పరిచిన పలకలే కప్పు. గొడ్ల కొట్టం, చేను గట్టు కంచె, వంటింట్లో అరలు, వాకిట్లో అరుగు అన్నీ అదే రాయి. అమ్ముడుపోని ముక్కలతో కట్టుకున్న ఈ ఇళ్లే ఊరి పాత వీధులకు పునాది. అట్లా పని ఉన్న చోట ఇల్లు, ఇళ్లున్న చోట అంగడి పుట్టాయి. వీధి గీత గీసిన ప్లానంటూ ఏదీ లేదు.

రాయి ఎంత ఉన్నా బయటికి పోయే దారి లేకపోతే ఊరు ఊరుగానే ఉండిపోయేది. ఆ దారి రైలు తెచ్చింది. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి కడప, ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా వేసిన లైను 1871లో పూర్తయింది. అదే బొంబాయి, మద్రాసులను కలిపిన దారి. పత్తికీ బంగారానికీ పేరుపడ్డ ప్రొద్దుటూరుకు ఆ లైను తగల్లేదు. రైలెక్కాలన్నా, సరుకు దింపాలన్నా ప్రొద్దుటూరు వర్తకుడు ఎర్రగుంట్లకు రావాల్సిందే. ఒక చిన్న ఊరి స్టేషన్‌కు అంత పని దొరకడానికి కారణం అదీ. వ్యాగన్లలో పోయిన రాయి పడమటి నగరాలకు ఎంత చేరిందంటే, ముంబయి, పుణె వంటిళ్లలో గట్టుకూ అరలకూ వేసే నల్లరాయిని ఈనాటికీ కడప పేరుతోనే అడుగుతారు.

ఇక్కడో మాట చెప్పాలి. గనుల ఊళ్ల గురించి రాసేవాళ్లు గనికి ముందు అక్కడ ఏమీ లేనట్టే రాస్తుంటారు. ఎర్రగుంట్ల మండలంలోనే కలమళ్ల ఉంది. ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించిన శాసనం అక్కడి చెన్నకేశవాలయంలో దొరికింది. క్రీ.శ. 575 ప్రాంతానిది, తెలుగులో వేసిన తొలి శాసనంగా పేరుపొందినది. పద్నాలుగు వందల ఏళ్లు దాటిన పల్లెలు ఇవి. పరిశ్రమ వచ్చి నిలబడింది ఆ పల్లెల పొలాల్లోనే. ఆ కలమళ్ల పొలిమేరలోనే రాయలసీమ థర్మల్ కేంద్రం వెలిసింది.

ఇప్పుడు పెద్ద మలుపు. సిమెంటు ధర, పంపిణీ చాలాకాలం కేంద్రం చేతిలో ఉండేవి. 1982లో కొంత సడలించారు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. ఎంత తయారుచేస్తే అంత అమ్ముకోవచ్చనేసరికి సున్నపురాయి, రైలు రెండూ ఒక్కచోట ఉన్న ఊళ్ల మీద కంపెనీల చూపు పడింది. ఎర్రగుంట్లకు రెండూ ఉన్నాయి. సిమెంటుగా నూరేముందు రాయిని కొలిమిలో కాల్చి చేసే గడ్డను క్లింకర్ అంటారు. టన్ను క్లింకర్‌కు దాదాపు ఒకటిన్నర టన్ను సున్నపురాయి కావాలి. అంత రాయిని దూరం నుంచి మోసుకురావడం గిట్టదు కాబట్టి కొలిమి రాయి పక్కకే రావాలి. చిలంకూరులో కోరమండల్ పెట్టిన ఫ్యాక్టరీని 1990లో ఇండియా సిమెంట్స్ తీసుకుంది. ప్రభుత్వ రంగంలోని సిమెంట్ కార్పొరేషన్ తన ఎర్రగుంట్ల ఫ్యాక్టరీని 1998లో అదే కంపెనీకి అమ్మేసింది. టెక్స్‌మాకో ఫ్యాక్టరీ జువారీ చేతికొచ్చి, తర్వాత ఇటలీ కంపెనీకి, ఆపైన జర్మనీ కంపెనీకి పోయింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ పగ్గాలు అల్ట్రాటెక్ చేతికి వెళ్లాయి. యజమానులు ఇన్నిసార్లు మారినా గని, గేటు, దుమ్ము మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

1994లో థర్మల్ కేంద్రం మొదటి యూనిట్ మొదలైంది. 2018లో 600 మెగావాట్ల యూనిట్ కూడా కలిసి మొత్తం 1,650 మెగావాట్లయింది. బొగ్గు సింగరేణి నుంచి రైల్లో వస్తుంది, కాలిన బూడిద సిమెంటులో కలుస్తుంది. ఒకరి చెత్త ఇంకొకరికి ముడిసరుకు కావడం మంచిదే. కానీ ఆ బూడిద రోడ్డెక్కి తిరిగేది ఈ చుట్టుపక్కల ఊళ్ల మధ్యనుంచే.

ఫ్యాక్టరీలు తమ మనుషులకు తాము కాలనీలు కట్టుకున్నాయి. లోపల క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, చెట్ల వరసలు. గేటు బయట ఫలహారం అంగడి, లారీ మరమ్మతు షెడ్డు, బాడుగ గదులు, వాటి వెనక పాత బండల ఇళ్లు. ఎర్రగుంట్ల పట్టణమైంది ఈ గేటు బయటి భాగం పెరిగే. గని ఊళ్లోకి నెలజీతం వాళ్లు రావడంతో చీటీలు, చీరల అంగళ్లు, ఇంగ్లీషు మీడియం బళ్లు వచ్చాయి. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. గడ్డపార పట్టిన తండ్రి కొడుకు ఐటీఐ చదివి ఫ్యాక్టరీలో ఫిట్టర్ కాగలగడం ఈ సీమలో చిన్న సంగతి కాదు.

చిక్కంతా చట్టం ఈ రాయిని రెండుగా చూడటంలో ఉంది. అదే నార్జి రాయి సిమెంటుకు పోతే పెద్ద ఖనిజం, పలకగా కోస్తే చిన్న ఖనిజం. పెద్ద ఖనిజాల మీద కేంద్ర చట్టం నడుస్తుంది. సిమెంటు సున్నపురాయికి ప్రభుత్వానికి టన్నుకు 80 రూపాయలు కట్టే రాయల్టీ 2014 నుంచి ఉంది. గని మూసేటప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఇచ్చే మూసివేత ప్రణాళిక 2003 నుంచి తప్పనిసరి. పలకల గనులు 1966 నాటి రాష్ట్ర నిబంధనల కిందికి వస్తాయి. అవి ఎకరాల్లో ఉండే చిన్నచిన్న లీజులు. చేతులు మారతాయి, గడువు తీరిపోతుంది, రాయి ఐపోతే మనిషి లేచిపోతాడు. చిన్న లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2012 ఫిబ్రవరిలో. అప్పటికే తవ్వి వదిలేసిన గుంతలను వెనక్కి పోయి పూడ్చమని అడిగేందుకు మనిషే మిగల్లేదు. కంపెనీ గనికి పేరూ చిరునామా ఉన్నాయి. పలకల గుంతకు పట్టా ఒకరిది, లీజు ఇంకొకరిది, తవ్వింది మరొకరు.

ఇంతలో పలకల వ్యాపారమే తగ్గుముఖం పట్టింది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి అద్దంలా మెరిసే టైల్స్ వచ్చాక, ఇల్లు కట్టుకునేవాళ్లు నాపరాయిని గచ్చు నుంచి వాకిలికీ, వాకిలి నుంచి పెరటికీ నెట్టారు. పాలిష్ చేసి నిలబడదామని బండల ఫ్యాక్టరీలు పెట్టినవాళ్లకు కరెంటు బిల్లూ రాయల్టీ ఒకవైపు, టైల్స్ ధర ఇంకోవైపు. కోతకూ పాలిష్‌కూ నీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్లతో వచ్చే తెల్ల బురద ఎండితే పిండిలా లేచి పక్క చేలల్లో వాలుతుంది. వేసవిలో నల్లబండ మీద కాళ్లకు తగిలే చల్లదనాన్ని టైల్స్ ఇవ్వలేవని నేను గట్టిగా నమ్ముతాను. అది చూసి కొనే రోజులు మాత్రం తగ్గాయి.

రాయి ధర తగ్గుతున్నా నేల ధర పెరిగింది. 1996-97 రైల్వే బడ్జెట్‌లో మంజూరైన నంద్యాల-ఎర్రగుంట్ల లైను, 123 కిలోమీటర్లు, ఇరవై ఏళ్లు సాగి 2016లో పూర్తయింది. ప్రొద్దుటూరుకు సొంత స్టేషన్ వచ్చింది, ఎర్రగుంట్ల జంక్షన్ అయింది. ఇక ఉక్కు ఫ్యాక్టరీ ఆశ సంగతి. జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో, 2018లో, 2019లో, 2023లో నాలుగుసార్లు శంకుస్థాపనలు జరిగాయి. ఉక్కు రాలేదు గానీ, ఆశ పెరిగిన ప్రతిసారీ చుట్టుపక్కల చేలల్లో హద్దురాళ్లు లేచాయి. ఊరు అంచులకు జరిగేకొద్దీ గుంతల పక్కకు ఇళ్లు వస్తున్నాయి. ఒకప్పుడు ఊరికి దూరంగా తవ్విన గుంత ఇప్పుడు వీధి చివర ఉంది. వానకు నిండి, వేసవి సెలవుల్లో పిల్లల్ని ఈతకు పిలుస్తుంది. గోడలు నిట్టనిలువు, మెట్లుండవు, ఎంత లోతో పైనుంచి తెలియదు. కొన్నింటిని తుక్కుతో పూడ్చి చదును చేశారు. దిమిసా చేయకుండా పోసిన రాతి తుక్కు మీద కట్టిన ఇంటి గోడ మూడు వానలకు పగిలితే మేస్త్రీని తిట్టి లాభం లేదు.

డబ్బు లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. 2015లో గనుల చట్టం సవరించి ప్రతి జిల్లాలో ఖనిజ నిధి పెట్టారు. పాత లీజుదార్లు రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం అందులో కట్టాలి. గనుల వల్ల నష్టపోయిన ఊళ్లకే ఆ సొమ్ము వాడాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ వంటివాటికి పోవాలని అదే ఏడాది కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో దాన్ని 70 శాతం చేసింది. పాత పలకల గుంతకు కంచె వేయడం, పక్కగా గట్టు వాలు చేసి చెరువుగా మార్చడం, పనికిరానిదాన్ని పొరలు పొరలుగా తొక్కి పూడ్చడం ఈ నిధికి తగిన పనులే. సిమెంటు రాయి మీద వచ్చిన సొమ్మును పలకల గుంత మీద పెట్టడం అన్యాయం కాదు. రెండూ ఒక్క నేల గాయాలే.

దానికి ముందు గుంతల లెక్క తేలాలి. గనుల శాఖ దగ్గర లీజు పటాలున్నాయి, రెవెన్యూ దగ్గర సర్వే నంబర్లున్నాయి, మున్సిపాలిటీ దగ్గర లేఅవుట్లున్నాయి. ఈ మూడింటినీ ఒక్క పటం మీద పెట్టాలి. ఒక్కో గుంతకు నంబరు, లోతు, నీళ్లు నిలుస్తాయా లేదా అన్నది రాసి, ఆ పటాన్ని మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించాలి. ఆ పని జరిగేదాకా ఊరి అంచున ప్లాటు కొనేవాళ్లు తమ జాగ్రత్త తాము పడాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే సర్వే నంబరు పట్టుకుని గనుల శాఖ కార్యాలయానికి పోయి, ఆ నేలకు ఎప్పుడైనా పలకల లీజు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. పక్క చేను రైతునూ అడగండి. ఏ మూల ఎంత లోతుకు తవ్వారో కాగితం కంటే ముందు ఆయనే చెబుతాడు.