అత్త పంపిన పెట్టె

చిరంజీవులు చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

"రూల్ ఇంజిన్‌ని కంటైనర్‌లో పెట్టి పంపించానని అత్త ఫోనులో అంటోంది. చెన్నై రేవులో ఓడకెక్కించే ఇనుప పెట్టేనా తాతయ్యా?" అని రాశారు. ఇనుమూ లేదు, ఓడా లేదు, ఇదంతా కంప్యూటర్ ప్రోగ్రాముల సంగతి. మీ అత్తను కూర్చోబెట్టి అడిగాను. నాకు అర్థమైన దారిలో, అంటే దామలచెరువు మామిడి మండీ మీదుగా చెబుతాను.

నా చిన్నతనంలో మా మేనమామ ఆ మండీలో కాయలు ఏరేవాడు. కాయ చేతిలో పడగానే తీర్పు. తోతాపురి అయితే ఆ కుప్పకు. బేనీషా అయి, మచ్చ లేక, తొడిమ నిలిచి ఉంటే దూరప్రయాణపు గంపకు. దెబ్బ తగిలితే ఊళ్లో అమ్మకానికి. వరిగడ్డి మీద కూర్చుని, ఎవరికీ అక్కర్లేని కాయల సంగతి నేను చూసుకునేవాణ్ణి. మూతి చుట్టూ సొన కాలి పుండ్లు పడేవి. అయినా మరునాడు మళ్లీ అక్కడే.

అత్త ఇంజిన్ చేసేదీ ఆ పనే. కాయలకు బదులు దాని ముందుకు సంఘటనలు వస్తాయి: ఎవరో కార్డు వాడారు, ఎక్కడో శీతల గిడ్డంగిలో వేడి పెరిగింది. "ఇలా అయితే అలా చెయ్యి" అనే నియమాలతో ఒక్కొక్కదాన్నీ సరిచూస్తుంది. ఒకే కార్డును తిరుపతిలో వాడిన పది నిమిషాలకే ఢిల్లీలోనూ వాడితే, ఆపి యజమానికి కబురు పంపుతుంది.

నియమాలు వేలల్లో ఉంటే? మామయ్య ప్రతి కాయనూ అన్ని ప్రశ్నలూ అడిగేవాడు కాదు. రకం ఏదో ఒకసారి చూస్తే, రకంతో పనిబడే తీర్పులన్నిటికీ ఆ చూపే చాలు. కంప్యూటర్‌కు ఈ ఒడుపు నేర్పినవాడు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదివిన చార్లెస్ ఫోర్జీ. 1979 నాటి ఆయన పరిశోధన గ్రంథం దీని మీదే. ఆ పద్ధతిని రీటీ అంటారు. డ్రూల్స్ లాంటి నేటి ఇంజిన్లు దాని సంతానమే.

మామయ్యతో ఒక్కటే చిక్కు. నియమాలన్నీ ఆయన తలలోనే ఉండేవి. ఆయనకు జ్వరం వస్తే మండీకీ జ్వరమే. అత్త అలా కాదు, నియమాలను ఇంజిన్‌లో కలిపెయ్యకుండా వేరే ఫైలులో రాసిపెడుతుంది. నియమం మారితే ఆ ఫైలు మారుస్తుంది, ఇంజిన్ జోలికి పోదు. నోట్సు రాసుకోమని మీ మాస్టారు పోరుతుంటారే, ఆ మాట వినండి.

ఇక కంటైనర్. బంగారుపాళ్యం వెళ్లినా మామయ్య తన త్రాసూ, రాళ్లూ, చాపా సంచిలో మోసుకెళ్లేవాడు. పరాయి త్రాసును ఆయన నమ్మడు. ప్రోగ్రామునూ, దానికి కావలసిన లైబ్రరీలనూ (అంటే అది అరువు తెచ్చుకునే సిద్ధంగా ఉన్న ప్రోగ్రాము ముక్కలనూ) ఒకచోట కట్టేసిన సంచే కంటైనర్. దానికి సరిపడే ఏ యంత్రం మీద దించినా ఒకేలా పని చేస్తుంది. నేల మాత్రం ఆ ఊరి మండీదే: కింది యంత్రపు కెర్నల్‌నే, అంటే ఆ యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామునే, అది వాడుకుంటుంది, అందుకే తేలిక. 2013లో ఇలాంటి సంచులు కట్టిపెట్టే డాకర్ అనే సాధనం వచ్చాక ఈ అలవాటు లోకమంతా పాకింది.

ఇక్కడ నా పోలిక కుంటుతుంది. అత్త ఇమేజ్ అనే మూసను ఒకసారి తయారుచేస్తే, దాన్నుంచి ఎన్ని కంటైనర్లనైనా లేపవచ్చు. లారీలు బారులు తీరితే ఐదుగురు మామయ్యలు! ఉన్న ఒక్కడికే వండిపెట్టలేక మా అత్తమ్మ అలసిపోయేది. ఒకటి కూలితే మరొకదాన్ని నిలబెట్టే పెద్దమనిషి కుబర్నెటిస్ అనే ప్రోగ్రాము, దాన్ని 2014లో గూగుల్ అందరికీ ఇచ్చింది. కూలిన కంటైనర్ తన లోపల రాసుకున్నదంతా దానితోనే పోతుంది, కాబట్టి లెక్కలు బయటి డేటాబేస్‌లో ఉండాలి. ఒకే సంఘటన రెండుసార్లు రావచ్చు కూడా. ప్రతిదానికీ ఒక సంఖ్య ఇచ్చి, ఆ లెక్కల్లో వెతికి చూస్తే, ఒకే లారీకి రెండుసార్లు డబ్బు కట్టే పని తప్పుతుంది.

కూలినదాని చోట కొత్త కంటైనర్ ఎలా లేస్తుందో నాకూ పూర్తిగా ఊహకందదు, చూస్తే మాత్రం భలేగా ఉంటుంది. ఆదివారం అత్త వచ్చినప్పుడు ఒక కంటైనర్‌ను ఆపి చూపించమనండి. పరీక్షకు పెట్టుకున్నదాన్నే సుమా, జనం వాడుతున్నదాన్ని కాదు. గడియారం దగ్గర పెట్టుకుని, దాని స్థానంలో కొత్తది ఎన్ని సెకన్లలో లేచిందో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య, చిత్తూరు