పర్సనల్ ట్రైనర్లకు సాఫ్ట్‌వేర్: అపోహలు - వాస్తవాలు

సొంతంగా పర్సనల్ ట్రైనింగ్ మొదలుపెట్టిన కుర్రాళ్లు "అన్నా, ఏ యాప్ తీసుకోమంటావ్?" అని తరచూ అడుగుతుంటారు. అప్పటికే నాలుగు వీడియోలు చూసి వస్తారు కాబట్టి, ముందు వాటిలో విన్న మాటల సంగతి తేల్చాల్సి వస్తుంది.

అపోహ: వ్యాయామాల వీడియోలు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి యాప్.

వాస్తవం: స్క్వాట్ ఎలా చేయాలో దగ్గరుండి చూపించడానికే కదా మీకు ఫీజు ఇస్తున్నది! మన పనిలో మాటలు పెరిగేది సెషన్ల లెక్క దగ్గర. 12 సెషన్ల ప్యాకేజీ తీసుకున్నావిడ "నావి ఇంకా నాలుగున్నాయి కదా సార్" అంటారు. మీ డైరీలో మూడే ఉంటాయి. ఆరింటి సెషన్‌కి 5:40కి "ఈరోజు రాలేను" అని మెసేజ్ వస్తే అది కట్ అయినట్టా, కానట్టా? సంక్రాంతికి ఊరెళ్లి పది రోజులకు తిరిగొస్తే ప్యాకేజీ గడువు కూడా పది రోజులు జరుగుతుందా? భార్యాభర్తలు ఒకే ప్యాకేజీ పంచుకుంటే ఎవరు వచ్చినా అందులోంచే తగ్గుతుందా? ట్రయల్ ఉన్నన్ని రోజుల్లో ఈ మూడూ స్వయంగా ఎక్కించి చూడండి. ఏ తేదీన ఏ సెషన్ తగ్గిందో క్లయింట్ తన ఫోన్లోనే చూసుకోగలగాలి. డెమోలో గ్రాఫులు ఎంత రంగురంగులుగా ఉన్నా, ప్యాకేజీని ఫ్రీజ్ చేసే (గడువును కొన్నాళ్లు ఆపి ఉంచే) వీలు లేకపోతే పండగల సీజన్లో తలనొప్పి మీకే.

అపోహ: ఫారిన్‌లో పేరున్న యాప్ అయితే ఇక చూడక్కర్లేదు.

వాస్తవం: ట్రైనరైజ్, ట్రూకోచ్ లాంటివి ప్రోగ్రాం రాసి పంపడానికి నిజంగానే బాగుంటాయి. చిక్కంతా వసూళ్లలో. ఇలాంటి యాప్‌లలో వసూళ్లు ఎక్కువగా స్ట్రైప్ అనే ఆన్‌లైన్ పేమెంట్ల సంస్థ మీద నడుస్తాయి. ఆ సంస్థ 2024లో మన దేశంలో కొత్త ఖాతాలను ఆహ్వానం ఉన్నవారికే పరిమితం చేసింది. మన క్లయింట్లేమో యూపీఐ తప్ప ఇంకోటి అడగరు. ఇక తిండి లెక్కలు. గోంగూర పప్పు, పెసరట్టు అని కొడితే ఎవరో తోచినట్టు ఎక్కించిన అంకెలు వస్తుంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలతో భారతీయ ఆహార పట్టికలు ప్రచురించింది. వాటిని దగ్గర పెట్టుకుని సొంతంగా వంటకాలు చేర్చుకునే వీలుందో లేదో చూడండి.

అమెరికాలో మనవాళ్లకు ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. డాలస్‌లో రాత్రి 7:30 సెషన్ అంటే ఎండాకాలంలో మనకు మర్నాడు ఉదయం 6 గంటలు. నవంబరులో వాళ్ల గడియారం మారగానే అది 7 అవుతుంది. సరిగ్గా అప్పుడే మీ లోకల్ క్లయింట్ వచ్చి నిలబడతాడు. క్యాలెండర్ ఆ మార్పును తనంతట తాను పట్టుకోవాలి.

అపోహ: ఆటోపే పెడితే ఫీజు టెన్షన్ ఉండదు.

వాస్తవం: సగం నిజం. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందే క్లయింట్‌కు సమాచారం వెళ్తుంది. మనలాంటి ఫీజులకు మొత్తం 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఆయన ఓకే చేయాలి. వద్దనుకుంటే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. పేమెంట్ ఫెయిలైన రోజే యాప్ మీకు చెబుతుందా లేదా అన్నది అడగండి.

అపోహ: బిల్లు మీద జీఎస్టీ ఉంటేనే ప్రొఫెషనల్.

వాస్తవం: ఏడాది ఆదాయం 20 లక్షలు దాటని ట్రైనర్‌కు మామూలుగా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా పన్ను వసూలు చేయడమే తప్పు. రిజిస్టర్ అయి ఉంటే రేటు ఆడిటర్‌ని అడిగి సెట్ చేయండి. జిమ్‌లు, ఫిట్‌నెస్ సెంటర్ల సేవలపై 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పోయి, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీని తగ్గించుకునే వీలు) లేకుండా 5 శాతం వచ్చింది. పాత రేటే బిల్లులో ఉండిపోయిందేమో చూసుకోండి.

అపోహ: ఎక్సెల్, వాట్సాప్‌తో నడిపితే చిన్నచూపు చూస్తారు.

వాస్తవం: ఎవరూ చూడరు. ఎనిమిది, పది మంది క్లయింట్ల వరకు గూగుల్ షీట్, వాట్సాప్ బిజినెస్‌లో "ఫీజు బాకీ", "ట్రయల్" అని లేబుళ్లు చాలు.

అపోహ: నచ్చకపోతే ఇంకో యాప్‌కి మారిపోవచ్చు.

వాస్తవం: డేటా బయటికి వస్తేనే. కొనే ముందే ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైల్ తెరిచి చూడండి. అందులో పేర్లు, ఫోన్ నంబర్లే ఉండి మిగిలిన సెషన్లు, పాత బరువుల రికార్డు లేకపోతే, ఎంత డిస్కౌంట్ ఇస్తామన్నా ఏడాది చందా ఒకేసారి కట్టకండి.