ఐడియా వచ్చాకే మట్టి ముట్టుకోవాలా? పాటరీ స్టూడియోలో అపోహలు - వాస్తవాలు

"ఈ వారం రాలేనండీ, ఏం చేయాలో తోచడం లేదు. ఏదైనా మంచి ఐడియా వచ్చాక వస్తాను." హైదరాబాద్‌లోని మా స్టూడియోకి వచ్చేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే. వాళ్లకు సెంటరింగ్ (తిరిగే వీల్ మధ్యలో మట్టిని ఊగకుండా నిలపడం) వచ్చేసింది, పాత్ర గోడ సమంగా లాగడం వచ్చేసింది. కొన్ని కప్పులు, బౌల్స్ కాల్చి ఇంటికి పట్టుకెళ్లారు. అక్కడితో ఆగిపోతారు. పని చేతకాక మానేసిన వాళ్లకంటే ఇలా ఐడియా కోసం ఎదురుచూస్తూ మానేసిన వాళ్లనే నేను ఎక్కువగా చూశాను. అందుకే ఈ ఒక్కదాని గురించి గట్టిగా చెప్పాలి.

అపోహ: ముందు ఇన్‌స్పిరేషన్ రావాలి, ఆ తర్వాతే వీల్ దగ్గర కూర్చోవాలి.

వాస్తవం: మట్టి పనిలో చాలావరకు దీనికి తలకిందులుగా జరుగుతుంది. పని జరుగుతుంటేనే ఐడియా పుడుతుంది. అదీ రోజుకో కొత్త వస్తువు మొదలుపెడితే కాదు, ఒకే ఆకారాన్ని వరసపెట్టి చేస్తే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకమ్మాయి ఫోన్ నిండా పాటరీ ఫోటోలు దాచుకుని వచ్చేది. వాటిని చూసిన కొద్దీ ఆమెకు టెన్షన్ పెరిగేది. ఒకరోజు ఫోన్ పక్కన పెట్టించి, అరకిలో చొప్పున మట్టి ముద్దలు తూచి ఇచ్చాను. "అన్నీ మామూలు గ్లాసులే చెయ్యమ్మా, ఒకే ఎత్తు" అన్నాను. ఎంత జాగ్రత్తపడినా రెండు గ్లాసులు ఒకేలా రావు కదా. ఒకదాని అంచు కాస్త బయటికి వాలింది, ఇంకోదాని పొట్ట కిందికి దిగింది. అన్నీ వరసగా పెట్టి, "ఏది చేతిలోకి తీసుకోవాలనిపిస్తోంది?" అని అడిగాను. నడుము దగ్గర కొంచెం నొక్కుకుపోయినదాన్ని తీసుకుంది. తర్వాతి క్లాసులో ఆ నడుము మీదే పని చేసింది. ఇంకాస్త పైకి జరిపితే ఎలా ఉంటుంది, బొటనవేలికి అక్కడే చోటిస్తే? అలా తయారైన సెట్ ఏ ఫోటోలోనూ లేదు.

పేరున్న సిరామిక్ కళాకారిణి లూసీ రీ 1938లో వియన్నా వదిలి లండన్ చేరింది. యుద్ధకాలంలో బతుకుతెరువు కోసం సిరామిక్ బటన్లు చేసింది. బట్టల రంగులకు సరిపోయేలా గ్లేజు (కాలిస్తే గాజులా మారే పూత) తర్వాత గ్లేజు కలుపుతూ పోయింది. అంత చిన్న వస్తువు మీద, అన్నిసార్లు చేసిన ఆ రంగుల సాధన తర్వాత ఆమె బౌల్స్‌కి ఎంతో పనికొచ్చింది.

ఆగిపోయేవాళ్ల మీద నాకు కోపం లేదు. ఫీజు కట్టారు, వారానికి దొరికేవి రెండు గంటలు. ఆ కాస్త టైమూ, మట్టీ వృథా అవుతాయని భయం. కానీ కాల్చని మట్టి వృథా కాదు. నానబెట్టి, ప్లాస్టర్ పలక మీద ఆరనిచ్చి, మళ్లీ పిసికితే కొత్త మట్టే. బిస్క్ (గ్లేజుకి ముందు మొదటిసారి కాల్చడం) అయితేనే వెనక్కి రాదు. అందుకని నచ్చని గ్లాసుని వైరుతో నిలువుగా కోసి చూడండి. గోడ ఎక్కడ లావైందో, వంపు ఎక్కడ తిరిగిందో కళ్లముందు కనిపిస్తుంది.

సరే, ఆ మొదటి ఆకారం ఎక్కడ దొరుకుతుంది? మన వంటింట్లోనే. ఊరగాయ జాడీ ఉంటే దింపి చూడండి. చెయ్యి, గరిటె దూరేంత వెడల్పు మూతి. అంచు బయటికి తిరిగి ఉంటుంది, వాసెన కట్టిన తాడు జారిపోకుండా. మా నానమ్మ ఆవకాయ జాడీకి గుడ్డ కట్టేటప్పుడు తాడు సరిగ్గా ఆ అంచు కిందే బిగించేది. చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసేదాన్ని. అంచుకి ఒక పని ఉంటుందన్న సంగతి నాకు అక్కడే పట్టుబడింది. వంట కుండ అడుగు గుండ్రంగా ఎందుకుంది? మంట వేడి సమంగా తగలడానికి, పగులు మొదలయ్యే మూల లేకుండా ఉండడానికి. నేల మీద నిలబెట్టాలంటే కుదురు కావాలి. గుండ్రటి అడుగున్న గిన్నె, దానికి జోడీగా ఒక కుదురు: డైనింగ్ టేబుల్ మీదికి ఇదే ఒక ప్రాజెక్టు. ప్రతి పాత పాత్రనీ "ఇది ఇలా ఎందుకుంది?" అని అడగండి, చేయడానికి పని దొరుకుతుంది.

ఇక మిగతా అపోహలు.

కొత్త గ్లేజు కొంటే కొత్త ఐడియా వస్తుందనుకుంటారు. ముందు స్టూడియోలో ఉన్న రెండు గ్లేజుల్ని తొంభైకి పది, ఎనభైకి ఇరవై, అలా కలుపుతూ టెస్ట్ టైల్స్ మీద వేయండి. నోట్‌బుక్‌లో రాసుకోండి. కొనే ఖర్చు మిగులుతుంది.

బొమ్మలు గీయడం రాకపోతే డిజైన్ చేయలేం అనుకోవద్దు. కాగితం మడిచి సగం ఆకారం కత్తిరించి విప్పితే చాలు.

ఇంకొకరి పని చూసి చేయడం దొంగతనం కాదు. నేర్చుకోవడానికి చేయండి. దాన్ని మీ డిజైన్ అని అమ్మితేనే తప్పు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో సెలడాన్ (లేత ఆకుపచ్చ గ్లేజు వేసిన) పాత్రలు చూసొచ్చిన వాళ్లు తరచూ అడిగేది, "విషం పెడితే రంగు మారుతుందట కదా?" అని. మారదండీ. గ్లేజులో ఉన్న కొద్దిపాటి ఇనుము, ఆక్సిజన్ తగ్గించి కాల్చడం వల్ల ఆ ఆకుపచ్చ వస్తుంది, అంతే. ఈ పుకారు మోసుకుంటూ అసలు చూడాల్సింది వదిలేస్తున్నారు. గ్లేజు కింద గీతలు చెక్కిన చోట రంగు చిక్కబడుతుంది, ఎందుకంటే లోతులో గ్లేజు మందంగా చేరుతుంది. ఒక పలక మీద రకరకాల లోతుల్లో గీతలు గీసి, కింద మట్టి కనిపించే రంగు గ్లేజు వేసి కాల్చండి. ఒక కొత్త సిరీస్ మొదలుపెట్టడానికి ఆ ఒక్క పలక చాలు.

చివరగా, పాత జాడీ కొలతలు తీసుకుని అచ్చం అంతే చేస్తే అంతే వస్తుందన్నది ఇంకో అపోహ. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాల్చే) మట్టి తడి దశ నుంచి గ్లేజు కాలేసరికి సుమారు 10 నుంచి 12 శాతం కుంచించుకుపోతుంది. 12 శాతం అనుకుంటే, చివరికి 10 సెంటీమీటర్ల మూతి కావాలంటే వీల్ మీద 11.4 ఉండాలి. మీ మట్టి ఎంత కుంచించుకుపోతుందో కొన్నచోటే అడగండి. మూతనీ జాడీనీ ఒకే మట్టితో, వీలైతే ఒకే రోజు చేసి, మూత పెట్టే ఆరబెట్టండి.