పాండవుల గుట్ట ఎక్కబోయే పిల్లలకు

హనుమకొండ

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్లకు ఆశీస్సులు.

వచ్చే ఆదివారం మీరంతా కలిసి పాండవుల గుట్టకు వెళ్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. మోకాళ్ల నొప్పుల వల్ల మీతో రాలేను కనుక, పక్కన నడుస్తూ చెప్పవలసిన మాటలను ఇలా రాసి పంపుతున్నాను.

పరకాల దాటి భూపాలపల్లి రోడ్డు మీద రేగొండ చేరితే గుట్ట దగ్గరికి వచ్చినట్లే. మీరు రోజూ చూసే హనుమకొండ గుట్టలూ, వరంగల్ కోటలోని ఏకశిల గుట్టా గ్రానైటు రాళ్లే. భూమి లోపల కరిగి ఉన్న పదార్థం చల్లారి గట్టిపడితే ఏర్పడినవి. పాండవుల గుట్ట పుట్టుక వేరు. నీళ్లు మోసుకొచ్చిన ఇసుక పొర మీద పొరగా పేరుకొని, పై బరువుకు అణగి, చివరికి రాయిగా మారింది. రామప్ప గుడిలో మీరు చూసిన ఎర్రరాయి కూడా ఇసుకరాయే.

ఈ పొరలన్నీ ఒకే గట్టిదనం గలవి కావు. మెత్తని పొర గాలికీ వానకూ ముందుగా అరిగిపోతే, దాని పైనున్న గట్టి పొర ఇంటి చూరులా ముందుకు నిలుస్తుంది. అటువంటి చూరుల కిందనే, వాన జల్లు తగలని గోడల మీద, ఆదిమానవులు బొమ్మలు వేశారు. పురావస్తు శాఖ వారు వాటిని 1990లో గుర్తించారు. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు కనిపిస్తాయి. ఎరుపు రంగు జేగురు రాయిది, అంటే మన మట్టిలోని ఇనుప తుప్పే. ఊరివాళ్లు మాత్రం పాండవులు అరణ్యవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఒక చోటికి ‘ఎదురు పాండవులు’ అనే పేరు కూడా ఉంది. ఆ కథను చిన్నచూపు చూడకండి, గుట్టను ఇన్నాళ్లూ మనుషుల మనసులో నిలిపింది అదే.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, వెంట ఉన్న ఒకాయన బొమ్మలు స్పష్టంగా కనిపించాలని సీసాలోని నీళ్లు గోడ మీద చల్లాడు. రంగులు ఒక్కసారిగా మెరిశాయి, నేనూ మురిసిపోయాను. అది ఎంత తప్పో తరువాత తెలిసి చాలా బాధపడ్డాను. ఇసుకరాయి నీళ్లు పీల్చుకుంటుంది. ఆరేటప్పుడు రాతి లోపలి ఉప్పు పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది, దానితో ఇసుక రేణువులు రంగుతో సహా రాలిపోతాయి. చేతి చెమట, సుద్దముక్క గీత కూడా చెరుపే చేస్తాయి. కళ్లతోనే చూడండి.

తొవ్వ వంకర టింకరగా ఉందని అడ్డదారి తొక్కకండి. నిటారుగా దిగే అడ్డదారిలో గడ్డి చచ్చిపోతుంది, తొలకరికి నీళ్లు అక్కడే పరుగెత్తి ఇసుకను కోసి వాగు చేస్తాయి. చూరుల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి కనుక పొగ పెట్టడం, అరవడం, అత్తరు పూసుకోవడం వద్దు. గుడ్డెలుగులు తిరిగే అడవి అది. పొద్దు గూకకముందే దిగిరండి.

గుట్ట మీద నీళ్లు దొరుకుతాయని అనుకోకండి. ఒక్కొక్కరు రెండేసి సీసాలు పట్టుకోండి, అవి తాగడానికే.

మీ తాత