పాట కంటే ముందు గుర్తొచ్చేది

1982 మేలో వచ్చిన ‘రియో’ ఆల్బమ్‌లో మొదటి పాట ఒక వింత చప్పుడుతో మొదలవుతుంది. అది ఏ వాద్యానిదో విని చెప్పడం కష్టం. గ్రాండ్ పియానో మూత తెరిచి, లోపలి తీగల మీద సన్నటి లోహపు కడ్డీలు పడేసి, ఆ మోతను రికార్డు చేసి, టేపును చివరి నుంచి మొదటికి వినిపించేలా తిప్పి వాడుకున్నారు. ఆ పని చేసింది డ్యురాన్ డ్యురాన్ బ్యాండ్‌లో కీబోర్డు వాయించే నిక్ రోడ్స్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ చప్పుడులో పాట బాణీ లేదు, మాటలూ లేవు. అయినా ఎనభైల్లో ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో హైస్కూలు చదివినవాళ్లకు అది చెవిన పడితే చాలు, గోడ మీది పోస్టర్లు, వాక్‌మన్, జుట్టుకు కొట్టుకున్న స్ప్రే వాసన అన్నీ ఒక్కసారిగా లేచి వస్తాయి.

పాత పాట మనల్ని బాణీతో వెనక్కి లాక్కెళ్తుందని అందరం అనుకుంటాం. నా ఉద్దేశంలో బాణీ వాటా మనం ఇస్తున్నంత పెద్దది కాదు. అసలు పని అంతకు ముందే, పాట ఇంకా పాట కాకముందే జరిగిపోతుంది.

దీని మీద ల్యాబుల్లో పరీక్షలు జరిగాయి. 1999లో మనస్తత్వ శాస్త్రవేత్త గ్లెన్ షెలెన్‌బర్గ్ బృందం హిట్ పాటల్లోంచి సెకనులో ఐదో వంతు, పదో వంతు ముక్కలు కోసి శ్రోతలకు వినిపించింది. పాటల పేర్లు ముందే ఇచ్చి, ఏ ముక్క ఏ పాటదో జత చేయమంది. సెకనులో పదో వంతులో లయ పట్టుకునే అవకాశమే ఉండదు, బాణీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అయినా ఊరికే ఊహిస్తే ఎన్ని కలుస్తాయో అంతకంటే ఎక్కువే కలిశాయి. అదే ముక్కను తిరగేసి వినిపిస్తే మాత్రం చేతులెత్తేశారు. పై పౌనఃపున్యాలను తీసేసి వినిపించినా అంతే. కింది పౌనఃపున్యాలను, అంటే బేస్‌ను తీసేస్తే మాత్రం ఏ తేడా రాలేదు.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో కరోల్ క్రుమ్‌హాన్సల్ 2010లో మరో అడుగు ముందుకేశారు. 0.4 సెకన్ల ముక్క వినిపించి పాట పేరు, పాడినవాళ్ల పేరు అడిగారు. నాలుగింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో రెండూ సరిగ్గా వచ్చాయి. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది మిగిలిన ముక్కల సంగతి. పేరు తట్టకపోయినా అది ఏ దశాబ్దపు పాటో, సంతోషంగా ఉందో దిగులుగా ఉందో చాలావరకు చెప్పగలిగారు. పాట ఏదో తెలియకపోయినా కాలం మాత్రం తెలిసిందన్నమాట.

ఎలా తెలిసింది? ఒకే షడ్జమాన్ని వీణ మీద పలికించి, అదే శ్రుతిలో నాదస్వరం మీద పలికిస్తే ఏది ఏదో చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. శ్రుతి ఒకటే, గట్టిదనం ఒకటే, తేడా అంతా నాదగుణంలో ఉంది. ఏ వాద్యమైనా సెకనుకు 220 కంపనాల స్వరం పలికితే, దాంతోపాటు 440, 660, 880 ఇలా గుణిజాలు కూడా సన్నగా మోగుతుంటాయి. వాటిలో ఏవి బలంగా ఉన్నాయి, ఏవి ఎంత త్వరగా చల్లారుతున్నాయి, స్వరం పుట్టిన తొలి క్షణంలో ఏం జరిగింది అన్నదాన్ని బట్టి చెవి వాద్యాన్ని పోల్చుకుంటుంది. ముక్కను తిరగేస్తే పుట్టుక, చావు తారుమారై గుర్తు పోతుంది. పై పౌనఃపున్యాలు తీసేస్తే గుణిజాలే పోతాయి. షెలెన్‌బర్గ్ ఫలితాలకు అర్థం ఇదే.

డ్యురాన్ డ్యురాన్ లాంటి ఎనభైల న్యూవేవ్ (పంక్ తర్వాత వచ్చిన పాప్-రాక్ శైలి) బ్యాండ్ల విషయంలో ఈ గుణిజాలను తయారుచేసింది యంత్రాలు. రోలాండ్ కంపెనీ 1981లో తెచ్చిన జూపిటర్-8 సింథసైజర్, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే కీబోర్డు, రోడ్స్ ప్రధాన ఆయుధం. దాని పద్ధతి చెప్పడానికి తేలిక. ముందు గుణిజాలన్నీ దండిగా ఉన్న మొరటు తరంగాన్ని పుట్టిస్తుంది. రంపపు పళ్ల ఆకారంలో ఉండే తరంగంలో అన్ని గుణిజాలూ ఉంటాయి, చదరపు తరంగంలో బేసి సంఖ్యలవే ఉంటాయి. తర్వాత ఫిల్టర్ వచ్చి అక్కర్లేనివి తీసేస్తుంది, రాతిలోంచి శిల్పం చెక్కినట్టు. ఒక్కో స్వరానికి రెండు ఆసిలేటర్లు, అంటే తరంగాన్ని పుట్టించే భాగాలు, ఉంటాయి. వాటి శ్రుతులను రవ్వంత అటూ ఇటూగా పెడితే, ఉదాహరణకు 440, 441గా, రెండూ కలిసి సెకనుకు ఒకసారి ఉబ్బి తగ్గుతాయి. ఆ పాటల్లో వినిపించే వెచ్చటి, మందపాటి ధ్వనిలో చాలా భాగం ఈ చిన్న అపశ్రుతి చలవే. ఇక ఆర్పెజియేటర్ అని ఒక మీట ఉంటుంది. నాలుగు మెట్లు కలిపి నొక్కి పట్టుకుంటే, వాటిని ఒకదాని వెంట ఒకటిగా అలుపు లేకుండా యంత్రమే వాయిస్తుంది. ‘హంగ్రీ లైక్ ద వోల్ఫ్’ పాటలో వెనక పరుగులు పెట్టేది అదే.

ఈ ధ్వని ఎక్కువ కాలం నిలవలేదు. 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ 1967లో కనిపెట్టిన ఎఫ్ఎమ్ సింథసిస్ (ఒక తరంగంతో ఇంకో తరంగపు పౌనఃపున్యాన్ని ఊపి గుణిజాలు పుట్టించే పద్ధతి) మీద నడిచే ఆ పెట్టె గంటలు, గాజు మోతల్లాంటి చల్లటి ధ్వనులు ఇచ్చింది. రెండు మూడేళ్లలో పాప్ సంగీతమంతా దాని రంగులోకి మారిపోయింది. ఆ తర్వాత అసలు ధ్వనులనే రికార్డు చేసుకుని మెట్ల మీద వాయించనిచ్చే శాంప్లర్లు వచ్చాయి. అందుకే 1981-83 మధ్య వచ్చిన పాటకు ఆ ఏడాది ముద్ర పడి ఉంటుంది. వయొలిన్ మోతను బట్టి అది 1950దో 1990దో చెప్పలేం. సింథసైజర్ మోతను బట్టి చెప్పొచ్చు. మనకూ ఇది కొత్తేమీ కాదు. మద్రాసు స్టూడియోల్లో కీబోర్డులు రాజ్యమేలడం మొదలయ్యాక వచ్చిన తెలుగు పాటను, అంతకు ముందు పాటను చెవి ఇట్టే వేరు చేస్తుంది. రాజ్-కోటి వంటి సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్ అయ్యాడు.

బ్యాండ్ గురించి కూడా కాస్త చెప్పాలి. 1978లో బర్మింగ్‌హామ్‌లో రోడ్స్, జాన్ టేలర్ కలిసి మొదలుపెట్టారు. 1968 నాటి ‘బార్బరెల్లా’ సినిమాలోని ఒక పాత్ర పేరును కొద్దిగా మార్చి పెట్టుకున్నారు. ఆ ఊళ్లోని రమ్ రన్నర్ అనే నైట్‌క్లబ్ వాళ్ల అడ్డా. సంగీతం సాధన చేసుకోవడమే కాదు, పనీ అక్కడే. రోడ్స్ రికార్డులు వేసేవాడు, జాన్ గుమ్మం దగ్గర నిలబడేవాడు, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ గ్లాసులు తీసేవాడు, గిటారిస్టు ఆండీ టేలర్ వంటింట్లో ఉండేవాడు. ముగ్గురు టేలర్లున్నా ఒకరికొకరు చుట్టాలు కారు. 1980లో సైమన్ లె బాన్ అనే డ్రామా విద్యార్థి చిరుతమచ్చల గులాబీ ప్యాంటు వేసుకుని, తను రాసిన కవితల పుస్తకం పట్టుకుని వచ్చాడు. గొంతు సంగతి తర్వాత, ఆ ప్యాంటు చూసే సగం ఒప్పుకుని ఉంటారని నా అనుమానం. పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్ మొరటుతనాన్ని, షీక్ అనే అమెరికన్ బ్యాండ్ డిస్కో లయను కలపాలని వాళ్ల కోరిక. 1984లో షీక్ గిటారిస్టు నైల్ రాడ్జర్స్ చేతే ‘ద రిఫ్లెక్స్’ రీమిక్స్ చేయించుకున్నారు. అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లింది.

వాళ్ల వెర్రి అభిమానులు ఎక్కువగా టీనేజీ అమ్మాయిలు. విమర్శకులు ఆ కారణంతోనే చాలా ఏళ్లు చిన్నచూపు చూశారు, అది తప్పుడు లెక్క అని కాలం తేల్చింది. కానీ మన విషయానికి ఆ వయసే కీలకం. నలభై దాటినవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్యవి కుప్పగా వస్తాయి. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ రూబిన్ తోటివారితో కలిసి 1986లో ఈ ఉబ్బును గ్రాఫులో చూపించారు. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే జరగడం, ‘నేనెవరు’ అన్నది అప్పుడే గట్టిపడడం, మెదడు కూడా ఇంకా తయారవుతుండడం లాంటి కారణాలు చెబుతారు. ఏదో ఒక్కటే కారణమని నేను నమ్మను. పాటల మీద ఇష్టానికి కూడా ఇలాంటి శిఖరమే ఉందని హోల్‌బ్రూక్, షిండ్లర్ 1989లో లెక్కగట్టి, అది 23.5 ఏళ్ల దగ్గర వస్తుందన్నారు. అది సగటు. ఆ అర ఏడాదిని పట్టుకుని వేలాడక్కర్లేదు.

నిజానికి సంగీతానికీ, పోయినవాటి మీద కలిగే బెంగకూ సంబంధం చాలా పాతది. 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటి బెంగను ఒక జబ్బుగా వర్ణించాడు. పరదేశాల్లో కూలికి పోరాడే స్విస్ సైనికుల్లో అది ఎక్కువని ఆ తర్వాత పేరు పడింది. పశువులను పిలవడానికి స్విస్ కొండల్లో పాడే పాట సైన్యంలో పాడితే మరణశిక్షేనని, ఎందుకంటే అది విన్నవాళ్లు ఏడ్చి, పారిపోయేవారని, కొందరు చచ్చిపోయేవారని పద్దెనిమిదో శతాబ్దపు తత్త్వవేత్త రూసో తన సంగీత నిఘంటువులో రాశాడు. అక్కడే ఇంకో మాట కూడా అన్నాడు. ఆ పాటలో సంగీతంగా గొప్పదనమేమీ లేదు, పరాయివాళ్ల మీద దాని ప్రభావమూ లేదు. అది సంగీతంగా కాక జ్ఞాపకానికి గుర్తుగా పనిచేస్తోంది. మెదడును స్కాన్ చేసే యంత్రం పుట్టడానికి రెండు వందల ఏళ్ల ముందు చెప్పిన మాట ఇది.

యంత్రాలు వచ్చాక దాదాపు అదే తేలింది. కాలిఫోర్నియాలో పీటర్ జనాటా శ్రోతలకు వాళ్ల చిన్ననాటి హిట్లు వినిపిస్తూ మెదడు స్కాన్ చేశారు. సొంత జ్ఞాపకాన్ని లేపిన పాటలు నుదుటి వెనక, మధ్య భాగంలో ఉండే ప్రాంతాన్ని గట్టిగా కదిలించాయని 2009లో ప్రకటించారు. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే చోటే అది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ శాస్త్రవేత్తలు మరో సంగతి చూపించారు. నచ్చిన పాటలో ఒళ్లు పులకరించే ఘట్టం వచ్చినప్పుడు మాత్రమే కాదు, అది రాబోతోందని తెలిసిన సెకన్లలో కూడా, మెదడులో మరో చోట డోపమిన్ అనే, ఆనందంతో ముడిపడ్డ రసాయనం విడుదలవుతోంది. తెలిసిన పాటకే ఈ ఎదురుచూపు సాధ్యం. కొత్త పాట ఎంత బాగున్నా ఈ విషయంలో పోటీ పడలేదు.

అయితే ఈ జ్ఞాపకం ఏరుకుని దాచుకుంటుంది. డ్యురాన్ డ్యురాన్ పేరు చెప్పగానే చాలామందికి కళ్ల ముందు కదిలేవి 1982లో దర్శకుడు రసెల్ మల్కాహీ శ్రీలంకలో తీసిన వీడియోలు. ‘సేవ్ ఎ ప్రేయర్’లో సిగిరియా కొండ శిఖరం, పొలన్నరువ శిథిలాలు, సముద్రం ఉంటాయి. 1981 ఆగస్టు 1న మొదలైన అమెరికా పాటల టీవీ చానల్ ఎంటీవీకి ఇలాంటి వీడియోల ఆకలి విపరీతంగా ఉండేది. అమెరికాలో సరిగ్గా అమ్ముడుపోని ‘రియో’ను నిలబెట్టడంలో వీటిది పెద్ద పాత్ర. ఆ బొమ్మల్లో శ్రీలంక ఒక అందమైన తెర, అంతే. మరుసటి ఏడాది, 1983 జులైలో అదే దేశంలో తమిళుల మీద మారణకాండ జరిగి అంతర్యుద్ధం రాజుకుంది. సిలోన్ రేడియోలో తెలుగు పాటలు విన్న తరానికి ఆ ద్వీపం వేరే రకంగా గుర్తుంటుంది, వీడియో చూసిన తరానికి వేరే రకంగా. ఎవరి జ్ఞాపకమూ అబద్ధం కాదు, ఎవరిదీ పూర్తి కాదు.

2022 నవంబరులో ఈ బ్యాండ్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. ఆండీ టేలర్ రాలేకపోయాడు. తనకు నాలుగేళ్లుగా ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఉందని అతను రాసిన ఉత్తరాన్ని లె బాన్ వేదిక మీద చదివాడు. అభిమానులకు ఆ వార్త తమ వయసు లెక్క కూడా చెప్పి ఉంటుంది.

వయసుతో కలిసి వచ్చే మతిమరుపు కూడా ఈ పాటల జోలికి అంత తొందరగా పోదు. జర్మనీ పరిశోధకులు 2015లో పాత పాటలను గుర్తుపట్టేటప్పుడు పనిచేసే మెదడు ప్రాంతాలను గుర్తించి, అల్జైమర్స్ రోగుల్లో అవే ప్రాంతాలు ఎలా ఉన్నాయో చూశారు. మిగతా చోట్లతో పోలిస్తే అక్కడ కణజాలం తరుగు తక్కువగా ఉంది. పిల్లల పేర్లు మర్చిపోయిన పెద్దావిడ పాత పాటలో గొంతు కలపడం వెనక కారణాల్లో ఇదొకటి కావచ్చు.

ఎనభైల పాటల మీద బెంగ ఎనభైల్లో బతికినవాళ్ల సొత్తేం కాదని చూపించింది కూడా క్రుమ్‌హాన్సలే. 2013లో జస్టిన్ జుప్నిక్‌తో కలిసి ఇరవై ఏళ్ల వయసు విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా వచ్చిన హిట్లు వినిపించారు. తమ కాలపు పాటలు బాగా తెలియడం సహజమే. కానీ 1980ల తొలి సంవత్సరాల దగ్గర గ్రాఫు మళ్లీ ఉబ్బింది. అంటే అమ్మానాన్నలు కుర్రవయసులో విన్న పాటల దగ్గర. అరవైల దగ్గర ఇంకో చిన్న ఉబ్బు కూడా కనిపించింది. ఇంట్లోనో కారులోనో పెద్దవాళ్లు పెట్టుకున్న పాటలు పిల్లల చెవుల్లో పడి అక్కడే ఉండిపోయాయన్నమాట.

ఇంట్లో పిల్లల మీద ఈ పరీక్ష చేసి చూడాలనిపిస్తే పెద్ద సరంజామా అక్కర్లేదు. మీ కాలేజీ రోజుల పాట ఒకటి ఫోనులో పెట్టి, మొదలవగానే ఆపేసి, ఏ పాటో కాకుండా ఏ కాలానిదో అడగండి. ఫోను స్పీకరులో బేస్ సరిగా రాదే అన్న అనుమానం వద్దు. షెలెన్‌బర్గ్ పరీక్షలో బేస్ లేకపోయినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. గరగరలాడే ట్రాన్సిస్టర్‌లో కూడా పాటను ఇట్టే పోల్చుకోగలిగామంటే కారణం అదే.