సిగ్నల్ దగ్గర ఉడతాసాయం

పాత సైకిళ్లకు చక్రం పక్కన చిన్న సీసాలాంటి డైనమో ఉండేది. చీకటి పడ్డాక దాన్ని వంచి టైరుకు ఆనిస్తే ముందు లైటు వెలిగేది, ఆ క్షణం నుంచే సైకిలు బరువెక్కేది. ఎదురుగాలి లేదు, ఎత్తు లేదు, అయినా పెడలు గట్టిగా తొక్కాల్సి వచ్చేది. లైటుకు కరెంటు ఇస్తున్నది మన కాళ్లేనన్న సంగతి పుస్తకంలో చదవకముందే పిక్కలకు తెలిసిపోయేది. దిగుడులో మాత్రం అదే డైనమో హాయిగా అనిపించేది. ఎలాగూ వేగం తగ్గించుకోవాలి కాబట్టి ఆ బరువు బ్రేకులా పనికొచ్చేది, లైటు పుణ్యానికి వెలిగేది.

ఇప్పటి కొన్ని చిన్న కార్లకు ‘మైల్డ్ హైబ్రిడ్’ అని పేరు తెచ్చిపెట్టింది ఈ దిగుడులో డైనమోనే. హైబ్రిడ్, అంటే ఇంజినుకు కరెంటు మోటారు తోడైన బండి, అనగానే చాలామంది రెండు ప్రశ్నలు అడుగుతారు. ఛార్జింగ్ పెట్టాలా? కరెంటు మీద ఎంత దూరం పోతుంది? పెట్టక్కర్లేదు. కరెంటు మీద ఒక్క అడుగు కూడా పోదు. మరి దానివల్ల ఒరిగేదేమిటో, మన రోడ్ల మీద రోజూ కనిపించే ఒక బండిని తీసుకుని లెక్క వేసి చూద్దాం.

మారుతి సుజుకి ఫ్రాంక్స్ 2023 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. బాలెనో పునాది మీదే కట్టిన క్రాసోవర్. లోపల చూస్తే హ్యాచ్‌బ్యాక్, బయటి నుంచి చూస్తే చిన్న ఎస్‌యూవీ. పొడవు 3,995 మిల్లీమీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 190 మిల్లీమీటర్లు. మొదటి అంకె వెనక పన్ను ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్లకు మించని పొడవు, 1,200 సీసీకి మించని ఇంజిను ఉన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటితే 40. రెండో అంకె వెనక మన కాలనీ రోడ్లున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. సందుల్లో ఎవరికి వారు సిమెంటుతో పోసుకున్న దిమ్మెల్లో ఈ కొలత పాటించేవి ఎన్నో మీకే తెలుసు. బండి అడుగు రాసుకోకుండా దాటాలంటే ఆ ఎత్తు కావాల్సిందే.

ఫ్రాంక్స్‌లో రెండు పెట్రోలు ఇంజిన్లు దొరుకుతాయి. 1.2 లీటర్ల మామూలు ఇంజిను ఒకటి. 998 సీసీ, మూడు సిలిండర్లు, టర్బో (పొగ జోరుతో తిరుగుతూ ఇంజినులోకి గాలిని కూరే పంకా) ఉన్నది రెండోది. మైల్డ్ హైబ్రిడ్ ఏర్పాటు ఉన్నది ఈ రెండోదానికే.

ప్రతి కారులోనూ ఆల్టర్నేటర్ ఉంటుంది. ఇంజిను తిరుగుతుంటే బెల్టు మీద అదీ తిరిగి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఎత్తైనా పల్లమైనా టైరుకు ఆనించే ఉంచిన సైకిలు డైనమో అన్నమాట. మైల్డ్ హైబ్రిడ్‌లో దాని చోటులో ఐఎస్‌జీని, అంటే ఇంటిగ్రేటెడ్ స్టార్టర్ జనరేటర్‌ని పెట్టారు. తిప్పితే కరెంటు ఇస్తుంది, కరెంటు ఇస్తే తిరుగుతుంది. ఇందులో మాయ లేదు. 1873లో వియన్నా ప్రదర్శనలో బెల్జియం ఇంజినీరు జెనోబ్ గ్రామ్ తయారుచేసిన రెండు డైనమోలను తీగలతో కలిపితే, ఒకటి పుట్టించిన కరెంటుతో రెండోది మోటారై తిరిగింది. డైనమో, మోటారు ఒకే యంత్రమని అప్పుడు లోకమంతా చూసింది. కొత్తదనమల్లా ఆ యంత్రానికి ఎప్పుడు ఏ పని చెప్పాలో క్షణక్షణం నిర్ణయించే కంట్రోలర్‌లో ఉంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే డైనమోగా మారి చక్రాల జోరు నుంచి కరెంటు తీసుకో, బండి కదిలేటప్పుడు మోటారుగా మారి ఇంజినుకు చేయూతనివ్వు, మిగతా సమయంలో వీలైనంతవరకు ఇంజినుకు భారం కాకు.

ఇప్పుడు లెక్క. ఇద్దరు కూర్చున్న ఫ్రాంక్స్ బరువు దాదాపు 1,200 కిలోలు అనుకుందాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి సుమారు 1,16,000 జౌళ్లు. బ్రేకు తొక్కితే అదంతా డిస్కులు వేడెక్కడానికి పోతుంది. మళ్లీ అంత వేగం అందుకోవడానికి ఎంత పెట్రోలు కావాలి? లీటరు పెట్రోలులో సుమారు 3.2 కోట్ల జౌళ్ల శక్తి ఉంటుంది. ఇంజిను అందులో పావు వంతే చక్రాలకు చేరుస్తుందనుకుంటే, ఒక్కసారి ఆగి బయల్దేరినందుకు దాదాపు 15 మిల్లీలీటర్లు. మూడు టీ స్పూన్లు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాటేలోపు ఎన్నిసార్లు ఆగుతామో గుర్తు తెచ్చుకుంటే, సిటీలో మైలేజీ ఎందుకు పడిపోతుందో చెప్పక్కర్లేదు.

ఈ శక్తిలో ఐఎస్‌జీ ఎంత వెనక్కి తెస్తుంది? దాని సామర్థ్యం సుమారు 2 కిలోవాట్లు. 8 సెకన్లలో బండిని ఆపామంటే 16,000 జౌళ్లు పట్టుకోగలదు. 1,16,000లో 16,000, అంటే ఏడో వంతు, మార్గమధ్యంలో పోయే నష్టాలు వేరే. బిందెడు నీళ్లు ఒలికిపోతుంటే ఒక చెంబు పట్టుకున్నట్టు. సడన్ బ్రేకు వేస్తే ఆ చెంబు కూడా నిండదు, ఎందుకంటే ఐఎస్‌జీకి దొరికిన సమయం రెండు సెకన్లే. దూరంగా ఎర్రలైటు కనిపించగానే కాలు తీసి బండిని దానంతట అది నెమ్మదించనిచ్చే డ్రైవరుకు ఎక్కువ కరెంటు చేరుతుంది. అదే కారు ఇద్దరికి రెండు రకాల మైలేజీ ఇవ్వడానికి ఇదొక కారణం.

ఐఎస్‌జీని ఇంకా పెద్దది ఎందుకు పెట్టలేదంటే, 12 వోల్టుల దగ్గర అడ్డుగోడ ఉంది. 12 వోల్టులతో 2 కిలోవాట్లు పంపాలంటే దాదాపు 170 ఆంపియర్ల కరెంటు కావాలి. శక్తి పెంచాలంటే తీగలు లావెక్కాలి, వేడి పెరుగుతుంది. అందుకే యూరప్‌లో ఫోర్డ్ ప్యూమా లాంటి చిన్న క్రాసోవర్లు 48 వోల్టులకు వెళ్లాయి. వోల్టులు నాలుగింతలైతే అదే కరెంటుతో నాలుగింతల శక్తి. ప్యూమా ఐఎస్‌జీ 11.5 కిలోవాట్లు. 60 వోల్టులు దాటలేదు కాబట్టి షాక్ కొట్టకుండా తీసుకునే ప్రత్యేక జాగ్రత్తలు, వాటి ఖర్చు కూడా తప్పుతాయి. అయితే ఖరీదు పెరగకపోదు. లక్షల్లో అమ్ముడయ్యే చిన్న కారుకు 12 వోల్టులే సరిపెట్టుకోవడం నా దృష్టిలో తెలివితక్కువ నిర్ణయం కాదు. ఇటలీలో ఫియాట్ కూడా 2020లో పాండాకు 12 వోల్టుల పద్ధతినే తీసుకుంది. అందులో ఒక చక్కని ఉపాయం ఉంది. వేగం 30 కిలోమీటర్లలోపు ఉన్నప్పుడు గేరు న్యూట్రల్‌లోకి తెస్తే, బండి దొర్లుతుండగానే ఇంజిను ఆగిపోతుంది.

పట్టిన చెంబుడు నీళ్లు ఎక్కడ పోసుకోవాలి? మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ కరెంటును నెమ్మదిగా తీసుకుంటుంది. ఆ కొద్ది సెకన్లలో గుటుక్కున మింగడం దానికి చేతకాదు. 2015లో మన దేశంలో మారుతి సియాజ్ డీజిల్ కారుతో ఈ పద్ధతి మొదలైనప్పుడు పెద్దసైజు లెడ్ యాసిడ్ బ్యాటరీతోనే నెట్టుకొచ్చారు. 2018 సియాజ్ పెట్రోలులో పక్కన లిథియం అయాన్ బ్యాటరీ చేరింది. సుజుకి ఇందుకు ఎంచుకున్న తోషిబా సెల్స్‌లో రుణధ్రువం దగ్గర మామూలు గ్రాఫైట్ బదులు లిథియం టైటనేట్ ఉంటుంది. అది వేగంగా ఛార్జవుతుంది, వేలసార్లు నింపి ఖాళీ చేసినా తట్టుకుంటుంది. ఒక్కో సెల్ దాదాపు 2.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఐదు కలిపితే సరిగ్గా 12. సుజుకి, తోషిబా, డెన్సో కలిసి గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో బ్యాటరీ ఫ్యాక్టరీ పెట్టాయి. హైబ్రిడ్ బ్యాటరీల ఎలక్ట్రోడ్లను సైతం అక్కడే చేయడం 2025 ఆగస్టులో మొదలైంది.

ఫ్రాంక్స్‌లో డ్రైవరు పక్క సీటు కింద దాక్కున్న లిథియం బ్యాటరీ 6 ఆంపియర్ అవర్లది. 12తో గుణిస్తే 72 వాట్ అవర్లు. మన జేబుల్లోని ఫోన్ బ్యాటరీలు నాలుగు కలిపితే దాదాపు అంతే. సింహాచలం ఘాటు దిగుతుంటే 100 మీటర్ల ఎత్తు తగ్గేలోపే నిండిపోతుంది, మిగతా దిగుడంతా బ్రేకుల వేడికే అర్పణం. పోల్చి చూడాలంటే మారుతివాళ్లదే పెద్ద బండి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ బ్యాటరీ 760 వాట్ అవర్లు, పదింతలు పైమాటే. అది కారును కొంతదూరం కరెంటు మీదే లాక్కుపోతుంది. 2022లో ఆ బండి వచ్చినప్పుడు మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కు ధ్రువీకరించిన మైలేజీ 21.11, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు 27.97. ఇంజిన్లు కూడా వేరు కాబట్టి తేడా అంతా బ్యాటరీదే అనలేం. అయినా రెంటినీ హైబ్రిడ్ అనే ఒకే మాటతో పిలవడం కొనేవాళ్లకు అన్యాయమనే నేనంటాను.

ఇంకో అంకె ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఫ్రాంక్స్‌లో హైబ్రిడ్ కాని 1.2 మాన్యువల్ మైలేజీ 21.79. మైల్డ్ హైబ్రిడ్ 1.0 టర్బో మాన్యువల్‌ది 21.5. హైబ్రిడ్ కానిదే కాస్త ముందుంది! కానీ టర్బో దాదాపు 100 పీఎస్ (గుర్రపు శక్తి కొలత) శక్తినిస్తుంది, 1.2 ఇచ్చేది 90. ఎక్కువ పికప్ ఉన్న ఇంజినును తక్కువ శక్తి ఉన్న ఇంజిను మైలేజీ పక్కన నిలబెట్టడంలో హైబ్రిడ్‌కూ కొంత వాటా ఉంది. టర్బోకు పొగ ఒత్తిడి చాలినంత రావాలి, తక్కువ స్పీడులో అది నిద్రపోతుంది. మోటారుకు ఆ బాధ లేదు, కదలికకు ముందు నుంచే దాని బలం సిద్ధంగా ఉంటుంది. 2 కిలోవాట్లంటే దాదాపు మూడు గుర్రాల సాయమే, అయినా టర్బో మేలుకునేలోపు పడే తడబాటును కొంత పూడ్చుతుంది. వారధి కట్టేటప్పుడు ఉడత తెచ్చిన ఇసుక బండరాళ్ల మధ్య సందుల్లోకి వెళ్లిందంటారు. ఇదీ అలాంటి చోటే.

అయితే నన్ను అడిగితే ఈ కారు సిటీకి చేసే అసలు మేలు మోటారు నెట్టుడులో లేదు, ఇంజిను ఆగడంలో ఉంది. చిన్న పెట్రోలు ఇంజిను ఊరికే తిరుగుతూ గంటకు అర లీటరుకు పైగా తాగేస్తుంది. 0.6 లీటరు అనుకుంటే, 90 సెకన్ల సిగ్నల్‌కు 15 మిల్లీలీటర్లు. 50 వేగంలో బండిని ఆపినప్పుడు పోగొట్టుకున్నదానికి సమానం! రోజుకు మొత్తం 20 నిమిషాలు సిగ్నళ్ల దగ్గర, జామ్‌లలో నిలబడితే 200 మిల్లీలీటర్లు, నెలకు 25 రోజులు తిరిగితే 5 లీటర్లు. బ్రేకుల నుంచి ఐఎస్‌జీ వెనక్కి తెచ్చేది ఇందులో మూడో వంతు ఉంటే గొప్ప. 10 సెకన్లకు మించి ఆగేటట్టయితే ఆపి మళ్లీ స్టార్ట్ చేయడమే లాభమని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల చాలా ఏళ్ల కిందటే కొలిచి చెప్పింది. 2020లో ఢిల్లీ ప్రభుత్వం ఎర్రలైటు పడితే ఇంజిను ఆపేయండని ప్రచారం చేసింది కూడా ఇందుకే. ఆ ఆగిన నిమిషంన్నరలో కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ ముఖం మీదికి, వెనక ఆటోలోని పిల్లల మీదికి పొగ పోదు. ఇది ఏ మైలేజీ అంకెలోనూ కనిపించని లాభం, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఆపడం సులువే, మళ్లీ లేవడమే ఇబ్బంది. మామూలు స్టార్టరు గరగరమని పళ్లు కలుపుకుంటుంది. రోజుకు వందసార్లు సెల్ఫ్ కొట్టడాన్ని అది భరించలేదు, మనమూ భరించలేం. ఐఎస్‌జీ ఎప్పుడూ బెల్టుకు తగులుకునే ఉంటుంది కాబట్టి చప్పుడు లేకుండా ఇంజినును తిప్పేస్తుంది. ఇదే సంగతి ఈమధ్య స్కూటర్లలోనూ చూస్తున్నాం. 2024లో వచ్చిన టీవీఎస్ జూపిటర్ 110లో ఐఎస్‌జీ స్టార్ట్ చేయడమే కాక పికప్‌కు కాస్త తోడ్పడుతుంది కూడా.

మాన్యువల్ బండిలో ఇంజిను ఆగాలంటే గేరు న్యూట్రల్‌లో ఉండాలి, క్లచ్ మీద నుంచి కాలు తీయాలి. మళ్లీ క్లచ్ తొక్కగానే లేస్తుంది. మనలో చాలామందికి ఫస్ట్ గేరులో క్లచ్ తొక్కిపట్టి సిగ్నల్ వైపు గుడ్లప్పగించి చూసే అలవాటు. వెనకవాడు హారన్ కొడతాడన్న భయం. అలా నిలబడితే డబ్బు పోసి కొన్న ఏర్పాటు ఒక్క సిగ్నల్ దగ్గరా పనిచేయదు, క్లచ్ అరిగిపోవడం అదనం. హైదరాబాద్‌లో చాలా కూడళ్లలో సెకన్లు చూపించే బోర్డులున్నాయి. 80 అని కనిపిస్తున్నప్పుడు గేరులో ఉంచుకోవడానికి కారణం లేదు.

ఇక ఎండాకాలం. ఏసీ కంప్రెసరు తిరిగేది ఇంజిను బెల్టు మీదే. ఇంజిను ఆగితే బ్లోయరు గాలి వస్తుంది గానీ చల్లదనం రాదు. మే నెల మధ్యాహ్నం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఆ పరిస్థితి ఎవరూ ఒప్పుకోరు, కారు కూడా ఒప్పుకోదు. లోపల వేడెక్కిందని గమనిస్తే ఇంజినును ఆపదు, ఆపినా మధ్యలో తానే లేపుతుంది. అంటే పైన చెప్పిన నెలకు 5 లీటర్లు మన ఊళ్లలో చలికాలపు లెక్క. వేసవిలో అందులో ఎంత మిగులుతుందన్నది ఏసీ చేతిలో ఉంది. దీనికి మందు సుజుకి చేతిలోనే ఉంది. 2012లో జపాన్‌లో అమ్మిన వ్యాగన్ ఆర్‌లో ఏసీ కాయిల్ మధ్య చల్లదనాన్ని దాచుకునే పదార్థాన్ని నింపారు. ఇంజిను తిరిగినంతసేపు అది గడ్డకడుతుంది, ఆగాక మెల్లగా కరుగుతూ బ్లోయరు గాలిని చల్లబరుస్తుంది. ఐస్‌క్రీం బండివాళ్లు డబ్బాలో పెట్టుకునే ఐస్ ప్యాకుల పద్ధతే ఇది. కొత్త మోటారు అక్కర్లేదు, పెద్ద బ్యాటరీ అక్కర్లేదు. జపాన్ ఎండకే అవసరమనిపించిన ఆ ఐస్ ప్యాకును రామగుండం, రెంటచింతల ఎండలకు నిలబడాల్సిన ప్రతి చిన్న కారులోనూ చూడాలని ఉంది నాకు.